గడ్డం గీసిన బురుజు

గుంటలో మోకాళ్ళ దాకా దిగి ఉన్న తొక్కుడమ్మ కుడికాలు పైకి లాగింది. మట్టి చప్పరించి వదిలింది. ఎడమకాలు దించింది. మళ్ళీ కుడికాలు. చీర కుచ్చెళ్ళు నడుములో దోపుకుని, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఎక్కడికీ పోని నడక నడుస్తోంది. మాగిన మట్టి పుల్లటి వాసన వేస్తోంది. కొత్తవాళ్ళయితే ఆ వాసనకు ముక్కు మూసుకుని పారిపోతారు. ఆమెకు మాత్రం పొద్దున్నే ఆ వాసన తగలకపోతే మొహం కడుక్కున్నట్టే ఉండదు.

వీధి ఇంకా పూర్తిగా లేవలేదు. గుడ్ల దుకాణం తలుపు ఒక రెక్క తీసి ఉంది. గుర్రబ్బండి అతను బండి కింద నిద్రపోతుంటే గుర్రం నిలబడి నిద్రపోతోంది. గుంట పక్కనే, మూడంతస్తుల ఎత్తున, మట్టి బురుజు.

ఒకప్పుడు ఊరి చుట్టూ గోడ, నాలుగు మూలలా నాలుగు బురుజులు ఉండేవట. గోడ ఎప్పుడో ఇళ్ళలో కలిసిపోయింది. ఒక బురుజు ఉన్నచోట ఇప్పుడు పెట్రోలు బంకు ఉంది. ఇంకోటి ఉన్నచోట బస్సులు ఆగే షెడ్డు. మూడోదాన్ని ఎవరూ కూల్చలేదు పాపం, పూత వెయ్యకుండా వదిలేశారంతే. అదే కరిగి కరిగి కుప్పయింది. మిగిలింది ఇదొక్కటే. దీనిలో రాయి లేదు, ఇటుక లేదు. మట్టీ, గడ్డీ, ఏటేటా వానలకు ముందు ఒళ్ళంతా వేసే పూతా. అంతే దీని బలం.

ఈ ఏడు వాన కంటే ముందు ఇంకో భయం వచ్చిపడింది. రోడ్డు వెడల్పు చేస్తామని ఆఫీసు వాళ్ళు వచ్చి, బురుజు పాదాన ఎర్రరంగుతో ఇంత పెద్ద ఇంటూ గుర్తు పెట్టి వెళ్ళారు. వీధి వీధంతా వెళ్ళి ఆఫీసు ముందు కూర్చుని గోల చేయగా చేయగా, పాత కట్టడాలు చూసే ఇంజనీరమ్మను పంపిస్తామన్నారు. గోడ గట్టిగా ఉంది అని ఆవిడ అంటే బురుజు కాపాడవలసిన కట్టడాల్లో చేరుతుంది. ఇక దాని జోలికి ఎవరూ రారు. ప్రమాదం అని అంటే మర్నాడే పొక్లెయిను వస్తుంది. ఆవిడ వచ్చేది ఇవాళ సాయంత్రమే.

తొక్కుడమ్మకు రాత్రంతా కంటి మీద కునుకు లేదు. భయంతో కాదు, సంబరంతో! పెళ్ళిచూపులకు కూతుర్ని ముస్తాబు చేసిన తల్లికి కూడా అంత సంబరం ఉండదేమో. ఎందుకంటే ఈసారి ఆమె బురుజుకు ఎప్పుడూ చేయని ముస్తాబు చేసింది.

దానికంతటికీ మూలం ఎదురుగా సెలూను నడిపే కత్తెర. అతన్ని అసలు పేరుతో అతని భార్య కూడా పిలవదు. ఏటా పూత ఆరగానే గోడలోంచి గడ్డిపోచలు పొడుచుకొచ్చి నిలబడతాయి. అప్పుడు కత్తెర చేతిలో దువ్వెన ఆడిస్తూ గుమ్మంలోకి వచ్చి, “పెద్దమ్మా, నీ బురుజుకు గడ్డం మాసిందే! ఇలా పంపించు, గీసేస్తాను” అంటాడు. ఏటా అదే మాట. ఏటా ఆమె మట్టిముద్ద తీసి అతని మీద విసురుతుంది. ఈసారి మాత్రం ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఇంజనీరమ్మ మాసిన గడ్డంతో ఉన్న బురుజును చూస్తుందా? అందుకే వీధివైపు పూతకు మట్టి తొక్కినప్పుడు గడ్డి వెయ్యలేదు. సన్నటి ఊక మాత్రం చల్లి, వెన్నలా అయ్యేదాకా తొక్కింది. నిచ్చెన మీద పూత వేసే ఆడపడుచు తట్టలోకి చూసి, “వదినా, ఇందులో గడ్డేదీ?” అని అరిచింది. “ఉందిలేవే, మెత్తగా తొక్కేశాను, కనిపించట్లేదు” అని కిందినుంచి అరిచింది తొక్కుడమ్మ.

నిన్న సాయంత్రం గోడ అద్దంలా మెరిసింది. కత్తెర బయటికొచ్చి, బుగ్గ మీద చెయ్యి రాసుకుని, “పెద్దమ్మా, నా పొట్ట కొట్టావు!” అన్నాడు. అన్నం తినకుండానే ఆమెకు కడుపు నిండిపోయింది.

ఎండ వీధిలోకి దిగింది. పూత నిన్ననే అయిపోయినా అలవాటు కొద్దీ మిగిలిన మట్టి తొక్కుతున్న తొక్కుడమ్మ ఆగి, తన బంగారాన్ని చూసుకుందామని తలెత్తింది.

గోడ నిండా పగుళ్ళు. పై అంచు నుంచి పాదం దాకా వల పరిచినట్టు. ఒకచోట అరచేతి మేర పెచ్చు లేచి, ఊడిపోవడానికి సిద్ధంగా వేలాడుతోంది.

ఆమె కాళ్ళు మట్టిలో అలాగే ఉండిపోయాయి. ఎడమ భుజం కింద ఏదో పట్టేసినట్టయింది. ఆడపడుచు నిచ్చెన భుజాన వేసుకుని వస్తూ వస్తూ ఆగిపోయింది.

“వదినా! ఏమిటిది?”

“గడ్డి వెయ్యలేదే.”

“ఏంటీ?”

“వెయ్యలేదు. నున్నగా ఉండాలని.”

ఆడపడుచు తల బాదుకుంది. ఆవిడకూ మనవలున్నారు. అయినా తొక్కుడమ్మకు ఆవిడ ఇంకా పిల్లే. “మా అన్నయ్య ఉంటే ఇవాళ నీ వీపు చిట్లేది తెలుసా” అని, ఒక్క క్షణం ఆగి, “లేదులే, వాడి మొహం, వాడికి నీ ముందు నోరెక్కడిది!” అంది. అనేసి, నవ్వాలో ఏడవాలో తెలియక నిచ్చెన కింద పడేసింది.

అప్పుడే పడమట మబ్బు కనిపించింది. చిన్నదే, ఉతికి ఆరేసిన నల్ల తువ్వాలంత. పగుళ్ళలోకి వాననీళ్ళు దిగితే పూతంతా చొక్కా విప్పినట్టు ఊడి వస్తుంది. అది ఇంజనీరమ్మ కళ్ళెదుటే జరుగుతుంది.

“ఏడవడానికి రేపంతా ఉంది” అంది తొక్కుడమ్మ. “గుంటలో మట్టి మాగే ఉంది. గడ్డి ఒక్కటే కావాలి. పద.”

గడ్డి ఎక్కడుంది? మిగిలినదంతా గుర్రబ్బండి అతనికి తనే ఇచ్చేసింది. అతన్ని బండి కిందనుంచి కాళ్ళు పట్టి లాగారు. గుర్రం నోట్లో ఉన్నది తప్ప మిగతాదంతా ఎత్తుకొచ్చారు. ఆ గుర్రం ఊరుకోలేదు, బండి ఈడ్చుకుంటూ తన మేత పోయిన దారినే పట్టి గుంట దాకా వచ్చి నిలబడింది. గడ్డి చాలలేదు. ఆడపడుచు నడివీధిలో నిలబడి గొంతెత్తింది.

“గడ్డి! ఎవరింట్లో గడ్డి ఉన్నా తీసుకురండి! బురుజు పోతోందర్రా!”

ఆ తర్వాత వీధికి పూనకం వచ్చినట్టయింది! గుడ్ల దుకాణం ఆవిడ గంపలు బోర్లించి, గుడ్ల కింద పరిచిన గడ్డి ఒళ్ళో కట్టుకుని పరిగెత్తుకొచ్చింది. దారిలో ఒక గుడ్డు జారి పగిలితే వెనక్కి కూడా చూడలేదు. పరుపులు కుట్టే ముసలాయన, కుట్టడం పూర్తయిన పరుపు కుట్లు తనే టపటపా తెంపేశాడు. “ఎవరిది తాతా ఆ పరుపు?” అని అడిగితే, “ఇప్పుడు బురుజుది” అన్నాడు. గాజుసామాన్ల కొట్టువాళ్ళు సరుకు కింద గడ్డి పరిచిన పెట్టెలు పెట్టెలే తెచ్చారు. పక్కవీధి నుంచి ఒకావిడ తన దిండు తెచ్చి, “ఇందులో గడ్డో దూదో నాకు తెలీదు, పదేళ్ళుగా మెడనొప్పి” అంది. విప్పితే గడ్డే. “అందుకేనమ్మా!” అని అందరూ ఒక్కసారిగా నవ్వారు.

కత్తెర సెలూను మూసేశాడు. సగం గడ్డం గీయించుకున్న మనిషి మెడలో తువ్వాలుతోనే బయటికొచ్చి, మొహానికి ఒకవైపు నురగ, ఇంకోవైపు నునుపుతో, మట్టి తట్టలు అందించే వరసలో నిలబడ్డాడు. కత్తెర ప్యాంటు మడిచి గుంటలోకి దిగి తొక్కుడమ్మ ముందు తల వంచుకున్నాడు.

“పాపం నాది పెద్దమ్మా. ఇంకెప్పుడూ గడ్డం మాటెత్తను.”

“ముందు తిన్నగా తొక్కు. అది నడకా, ముల్లు గుచ్చుకున్న కోడా?”

గుంటలో ఎంతమంది పడితే అంతమంది దిగారు. మొదట ఎవరి అడుగు వాళ్ళదే. ఒకరి మీద ఒకరు పడ్డారు. తొక్కుడమ్మ మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టింది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. కాసేపటికి గుంట మొత్తం ఒకే మనిషిలా ఊపిరి పీల్చి వదలడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళలో ఆ గుంటలో ఆమెతో పాటు తొక్కిన వాళ్ళు లేరు. ఆమె చప్పట్లు ఒక దెబ్బ తప్పాయి. భుజం కింద నొప్పి ఇంకోసారి మెలిపెట్టింది. తట్టలు మోసిన నొప్పేలే అనుకుని ఆ చెయ్యి చీరకొంగులో చుట్టుకుంది.

పెచ్చులు గీకేశారు. గోడను తడిపారు. గడ్డి నిండిన మట్టిని ఆడపడుచు దోసిళ్ళతో తీసి కొట్టి, అరచేత్తో అర్ధచంద్రాల్లా రాస్తూ పోయింది. నిచ్చెనలు ఇంకా వచ్చాయి. చేతులు ఇంకా వచ్చాయి. మధ్యాహ్నం ఎండ నెత్తి మాడుస్తుంటే ఎవరికీ పట్టలేదు. ఎండ ఎంత మండితే పూత అంత తొందరగా ఆరుతుందని దాన్ని బతిమాలుకున్నారు కూడా.

పూత పూర్తయ్యాక చేసే పనేమీ లేదు, ఆరేదాకా కూర్చోవడమే. తొక్కుడమ్మ గుంట గట్టు మీద కూర్చుంది. ఎండిన మట్టి మేజోళ్ళలా కాళ్ళకు పట్టేసింది. గోళ్ళలో ఎర్రమన్ను ఏ సబ్బుకూ పోదు. పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు చీర అంచు కిందికి లాగి పాదాలు దాచుకుంటుంది.

పెళ్ళై వచ్చిన మర్నాడే అత్తగారు ఇక్కడికి తెచ్చి, కొత్త చెప్పులు విప్పించి, “దిగు” అంది. దిగిన అడుగులోనే జారి మట్టిలో చతికిలబడింది. నిచ్చెన మీదున్న మొగుడు పగలబడి నవ్వాడు. ఆయన పళ్ళు ఎలా ఉంటాయో ఆమె చూసింది అప్పుడే. ఆపైన బతుకంతా ఆయన పైన, ఆమె కింద. మధ్యలో తాడు, తాడుకు తట్ట. మట్టి కావాలంటే ఈల వేసేవాడు. ఆ ఈలలోనే కోపమో ఆకలో ఆమెకు తెలిసిపోయేది. ఆయన జ్వరంతో పోయాక చెల్లెలు నిచ్చెన ఎక్కింది. ఈవిడకు ఈల రాదు, కేకలే. పిల్లలెంతమంది అని ఎవరైనా అడిగితే తొక్కుడమ్మ బురుజును చూపించి, “అదిగో, ఒక్కటే. ఏడాదికోసారి స్నానం చేయించాలి” అనేది. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది.

సాయంత్రానికి తువ్వాలంత మబ్బు దుప్పటంత అయింది. దానితోపాటే జీపు వచ్చింది. ఇంజనీరమ్మ దిగింది. చిన్నపిల్ల, కళ్ళద్దాలు, భుజాన బరువైన సంచి. వీధి మొత్తం మట్టి కొట్టుకుని నిలబడి ఉంటే, ఆవిడ బురుజును చూడాలో మనుషుల్ని చూడాలో తెలియక తికమకపడింది. గోడ చుట్టూ తిరిగింది. తట్టి చూసింది. పాదం దగ్గర వంగి, “ఇక్కడ ఎర్ర గుర్తు ఉండాలి కదా?” అంది.

“వానకు పోయుంటుందమ్మా” అంది ఆడపడుచు.

“వాన ఇంకా పడలేదుగా?”

“పోయినేటి వానకు” అన్నాడు కత్తెర. ఇంజనీరమ్మ పెదాలు బిగించి నవ్వు ఆపుకుంది.

“పూత ఇవాళ్టిదేనా?”

“ఇవాళ్టిదే తల్లీ” అంది తొక్కుడమ్మ. “నిన్నటిది నేను పాడుచేశాను. అందరూ కలిసి మళ్ళీ వేశారు.”

“అయితే వాన పడనివ్వండి. చూసే వెళ్తాను” అని ఆవిడ సెలూను పందిరి కిందికి వెళ్ళి నిలబడింది.

వీధి మొత్తం చూరుల కిందా పందిళ్ళ కిందా చేరింది. తొక్కుడమ్మ నిలబడలేక గోడకు చేయి ఆనించడం కత్తెర చూశాడు. లోపలికి పరిగెత్తి, గడ్డాలు గీసే తిరుగుడు కుర్చీని గడగడా ఈడ్చుకొచ్చి పందిరి అంచున పెట్టాడు.

“కూర్చో పెద్దమ్మా.”

“ఛీ, మట్టి అవుతుందిరా.”

“కానీ. ఇవాళ దీనికి నువ్వే బేరం.”

ఆమె కూర్చుంది. అతను కాలితో మీట నొక్కితే కుర్చీ ఒక మెట్టు లేచింది. ఆమె చిన్నపిల్లలా కెవ్వుమంది. “చాలా?” “ఇంకొంచెం లేపరా.” ఇంకో మెట్టు. ఇంకో మెట్టు. జనం తలల మీదుగా బురుజు పాదం నుంచి పై అంచు దాకా కనిపించింది.

మొదటి చినుకు గోడ మీద పడి నల్లటి చుక్కయింది. తర్వాత వాన దబదబా దిగింది. నీళ్ళు గోడ మీదికొచ్చి, గడ్డిపోచ గడ్డిపోచకూ ఆగి, దాని కొస నుంచి బొట్టుబొట్టుగా దూకాయి. గోడంతా వేల గడ్డిపోచల కొసల నుంచి నీళ్ళు కారుతుంటే, బురుజు తడిసిన గడ్డం దులుపుకుంటున్నట్టుంది. పాదం దగ్గర చారెడు మట్టి జారింది. ఇంకేం జారలేదు. పెచ్చు లేవలేదు. వాన కురిసి, అలిసి, వెలిసింది.

ఇంజనీరమ్మ వెళ్ళి తడిగోడ మీద అరచెయ్యి పెట్టింది. వెనక్కి తిరిగి, “గట్టిగా ఉంది. కూల్చక్కర్లేదు. నేను అలాగే చెబుతాను” అంది.

అరుపులు! ఈలలు! గుర్రం బెదిరి బండితో సహా నాలుగడుగులు వెనక్కి నడిచింది. పెచ్చు లేస్తుందేమోనని వానలోనే నిచ్చెన ఎక్కి చూస్తున్న ఆడపడుచు దిగడం మరిచిపోయి పైనుంచే, “వదినా, విన్నావా? వదినా!” అని కేకేసింది. అందరూ బురుజు దగ్గరికి పరిగెత్తారు. సగం గడ్డం మనిషి గుడ్ల దుకాణం ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని గంతులేశాడు.

కత్తెర ఆయాసపడుతూ వెనక్కి వచ్చాడు. “దిగు పెద్దమ్మా, అందరూ నిన్నే అడుగుతున్నారు” అని కుర్చీ తన వైపు తిప్పాడు. ఆమె మొహంలో నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం అతన్ని చూడడం లేదు. అతను ఆమె మణికట్టు పట్టుకుని చూశాడు. నాడి అందలేదు. తర్వాత కుర్చీని మెల్లగా, మళ్ళీ బురుజు వైపే తిప్పాడు.

చీకటి పడకముందే ఆమెను ఇంటికి మోసుకెళ్ళారు. వీధి మొత్తం వెంట వెళ్ళింది. ఎవరూ తలుపులు వేసుకోలేదు.

సెలూను పందిరి అంచున, తడిసిన రోడ్డు పక్కన, ఆమె అడిగినంత ఎత్తులోనే ఆ కుర్చీ ఒక్కటే ఉండిపోయింది.