దుర్గాంబగారి మరణ సమయంపై తీర్మానం

శుభోదయ టవర్స్‌లో ఇరవై ఫ్లాట్లున్నాయి. పదకొండింటిలో సొంతదారులుంటున్నారు, తొమ్మిదింటిలో అద్దెవాళ్లున్నారు. లిఫ్టు అందరినీ ఒకేలా మోస్తుంది. సంఘం అలా మోయదు.

సంఘం అధ్యక్షుడు రామకోటేశ్వరరావు. జగ్గయ్యపేటలో ముప్పై ఏళ్లు మిర్చి వ్యాపారం చేసి, దుకాణం కొడుక్కి అప్పజెప్పి, ఇంట్లో ఎవరూ మాట వినకపోవడం వల్ల అపార్ట్‌మెంటుకు అధ్యక్షుడయ్యాడు. ఆయనకు రెండు సిద్ధాంతాలున్నాయి. చందాలు వసూలు చేసేటప్పుడు బిల్డింగంతా ఒక్కటే. ఎవరి కప్పైనా కారితే మాత్రం ఎవరి ఫ్లాటు వాళ్లది. ఈ రెండింటి మధ్య ఆయనకెప్పుడూ ఇబ్బంది కలగలేదు. ఇబ్బందల్లా కప్పు కింద కూర్చున్నవాళ్లకే.

అలా కూర్చున్నవాడు మూడో అంతస్తులోని నరేంద్ర. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పని. ఏ శాంపిలు ఎన్ని గంటలకు తీశారో రాయడం అతని ఉద్యోగంలో భాగం. అది ఉద్యోగంతో ఆగక స్వభావంగా మారింది. నాలుగేళ్లుగా అద్దెకుంటున్నాడు, రెండేళ్లుగా అతని బాత్రూమ్ కప్పు కారుతోంది. ఫ్లాటు యజమానురాలు తిరుపతమ్మ నందిగామలో ఉంటుంది. ఫోన్ చేసి చెబితే, "మీరు నీళ్లు ఎక్కువ వాడుతున్నారేమో బాబూ" అంది. కారేది పై ఫ్లాటు నుంచని చెబితే, "అయితే పైవాళ్లనే అడగండి" అంది. పైవాళ్లూ అద్దెవాళ్లే. ఇద్దరు అద్దెవాళ్లు కలిసి ఓ గొట్టం గురించి చర్చించుకోవడం తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది. సంఘంలో అద్దెవాళ్లకు ఓటు లేదు.

నరేంద్ర తల్లి దుర్గాంబ ఆరు నెలలుగా మంచంలో ఉంది. విజయవాడ డాక్టర్లు ఇంటికి తీసుకెళ్లమన్నప్పుడు ఆమె కొడుకును ఒక్కటే కోరింది.

"ఆస్పత్రి నుంచి అటునుంచటే తీసుకుపోకురా. ఇంట్లోంచి పోతా. పిల్ల వచ్చి చూసాకే గుమ్మం దాటించు."

పిల్ల అంటే నరేంద్ర చెల్లెలు కృష్ణప్రియ. ఒంగోల్లో ఉంటుంది. అలాగేనమ్మా అన్నాడు నరేంద్ర. ఆ మనిషి తక్కువ మాట్లాడతాడు కాబట్టి అన్న మాట బరువుగా ఉంటుంది.

ఆదివారం పొద్దున దుర్గాంబ పోయింది. నరేంద్ర ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాడు. చెయ్యి బరువెక్కినట్టనిపించాక గోడ గడియారం వైపు చూశాడు. పదీ నలభై. చెల్లెలికి ఫోన్ చేశాడు. మధ్యాహ్నం మూడింటికల్లా వస్తానంది. భార్య సింధూరను అమ్మ దగ్గర కూర్చోబెట్టి, కిందికి దిగి అధ్యక్షుడికి చెప్పాడు. ఫ్లాట్లలో ఏం జరిగినా ముందు సంఘానికి తెలియజేయాలని లిఫ్టు పక్కన బోర్డుంది. ఆ బోర్డు చదివినవాడు బిల్డింగు మొత్తమ్మీద నరేంద్ర ఒక్కడే.

"అయ్యో! ఎన్నింటికండీ?" అన్నాడు రామకోటేశ్వరరావు.

"పదీ నలభైకండి."

ఆయన లోపలికెళ్లి పంచాంగం తెచ్చుకున్నాడు. కళ్లజోడు పెట్టుకుని వేలితో గీత వెంట వెళ్లాడు. వేలు ఒకచోట ఆగింది.

"తొమ్మిదీ ఇరవై ఎనిమిదికి ధనిష్ఠ వచ్చిందయ్యా. ధనిష్ఠా పంచకం! పోయిన ఇల్లు ఆరు నెలలు తాళం వెయ్యాలి. మీరు అమ్మగారిని ఇప్పుడే తీసెయ్యాలి. శ్మశానం దగ్గర షెడ్డుంది కదా, చెల్లెలుగారిని అటు రమ్మనండి. మీ సామాను సంగతి తర్వాత చూద్దాం."

"మూడింటిదాకా హాల్లోనే ఉంచుతానండి. అమ్మకి మాటిచ్చాను."

"మాట మీదయ్యా, నక్షత్రం అందరిదీ" అన్నాడు అధ్యక్షుడు. అంటూనే తిరుపతమ్మకు ఫోన్ చేశాడు.

నందిగామ నుంచి ఆమె ముప్పావు గంటలో దిగింది. చిల్లకల్లు దగ్గర లారీలు అడ్డం లేకపోతే ఇంకా ముందే దిగేదాన్నంది. పార్కింగులో కుర్చీలు వేశారు. సొంతదారులందరూ వచ్చారు. కోశాధికారి సతీష్‌బాబు తన కారును ముందుజాగ్రత్తగా రోడ్డు మీదికి మార్చుకొచ్చాడు. నరేంద్ర మెట్ల దగ్గర నిలబడ్డాడు. అతనికి కుర్చీ వెయ్యాలని ఎవరికీ తోచలేదు. మాట్లాడుకునేది అతని తల్లి గురించే గానీ, అతనితో కాదు.

"మీ మూడొందల రెండో ఫ్లాటు ఇవాళే ఖాళీ చేయించి తాళం వేసుకోండమ్మా" అన్నాడు అధ్యక్షుడు.

"నా ఒక్క ఫ్లాటేనా?" అంది తిరుపతమ్మ.

"పోయింది అక్కడే కదమ్మా."

"భలేవారండీ రామకోటేశ్వరరావుగారూ! కిందటేడు పెయింటుకి చందా ఇవ్వనంటే ఏమన్నారు? బిల్డింగంతా ఒక్కటే, స్థలంలో అందరికీ వాటా ఉంది అన్నారా, లేదా? నా రిజిస్ట్రేషన్ కాగితం తీసి నాకే చదివి వినిపించారు. ఒక్క స్థలం, ఒక్క పునాది, ఒక్క గేటు. అలాంటప్పుడు దోషం నా మూడు గదుల్లోనే ముడుచుకుని పడుకుంటుందా? మెట్లు దిగలేదా, లిఫ్టెక్కలేదా?"

అధ్యక్షుడు నోరు తెరిచి, రెండో సిద్ధాంతం కోసం వెతుక్కున్నాడు.

"దోషానికి వచ్చేసరికి... ఎవరి ఫ్లాటు వాళ్లదేనమ్మా."

"అలాగా! అయితే పెయింటు డబ్బులు వెనక్కివ్వండి."

ఇక పురోహితుణ్ణి అడుగుదామన్నారు. సతీష్‌బాబు ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. అవతల ఆయన ఏదో పెళ్లిలో ఉన్నట్టున్నాడు, వెనక సన్నాయి వినిపిస్తోంది.

"గేటెన్నండీ?" అని అడిగాడు పురోహితుడు.

"ఒకటేనండి."

"కప్పు?"

"ఒకటేనండి. టెర్రస్ అందరిదీ."

"మరి ఇంకేం? ఇల్లూ ఒకటే. నిన్నగాక మొన్న వచ్చినవి కదండీ ఈ ఫ్లాట్లు, శాస్త్రంలో వీటి లెక్క విడిగా లేదు. నన్నడిగితే అందరూ ఆరు నెలలు బయటుండటం క్షేమం. ఉంటా, ఇక్కడ ముహూర్తం దాటిపోతోంది."

ఫోన్ ఆగిపోయింది. ఇరవై కుటుంబాలు ఆరు నెలలపాటు అద్దె ఇళ్లు వెతుక్కోవాలన్న ఊహ ఒక్కసారిగా అందరి మొహాల మీదా కనబడింది. అద్దె ఇల్లంటే ఎలా ఉంటుందో అక్కడున్న వాళ్లందరికీ బాగా తెలుసు. వాళ్లంతా ఏదో ఒక ఊళ్లో ఇంకో ఇంటిని అద్దెకిచ్చినవాళ్లే.

మొదట తేరుకున్నది సతీష్‌బాబు.

"అసలు పదీ నలభై అని ఎవరన్నారు?"

"నరేంద్రగారే" అన్నాడు అధ్యక్షుడు.

"ఆయన దుఃఖంలో ఉన్నారండీ. దుఃఖంలో గడియారం ఏం కనబడుతుంది? పెద్దావిడ పొద్దున్నే, నిద్రలోనే పోయుంటారు. ఈయన పదీ నలభైకి గమనించారు. అంతే కదా?"

అంతేనంటే అంతేనన్నారు. తిరుపతమ్మ అందరికంటే గట్టిగా అంది. అధ్యక్షుడు మినిట్స్ పుస్తకం తెప్పించాడు. శ్రీమతి దుర్గాంబగారు ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు, శ్రవణా నక్షత్రంలో స్వర్గస్థులైనట్లు సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. సంతాపం తెలిపే వాక్యం కూడా చేర్చి సంతకాలు చేశారు. నరేంద్ర సంతకం అక్కర్లేకపోయింది, అతను సభ్యుడు కాడు.

రామకోటేశ్వరరావు మెట్ల దగ్గరికొచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"దివ్యమైన నక్షత్రమయ్యా, అందరికీ దొరకదు. చెల్లెలుగారు వచ్చేదాకా హాల్లోనే ఉంచుకోండి. సంఘం తరఫున కుర్చీలు పంపిస్తా."

నరేంద్రకు అన్నీ నిమిషాలతో సహా గుర్తున్నాయి. తొమ్మిదీ పదికి అమ్మ రెండు చెంచాల కాఫీ తాగింది. చక్కెర తక్కువైందంది. కిటికీ తెర పక్కకు లాగమంది. వీధిలో కూరగాయల బండివాడు కేకేస్తే, ఏం కూరలున్నాయో చూడమంది. తొమ్మిదీ పది తర్వాత ఆమెకు గంటన్నర బతుకుంది. ఆ గంటన్నరనూ పుస్తకంలో కొట్టేస్తే అడిగిన గుమ్మం దక్కుతుంది. కొట్టెయ్యకపోతే దక్కదు. అతను తలూపి పైకి వెళ్లాడు. ఎక్కుతున్నంతసేపూ మెట్లు లెక్కపెట్టాడు, ఇంకేమీ ఆలోచించకుండా ఉండటానికి.

మూడు దాటుతుండగా కృష్ణప్రియ వచ్చింది. గుమ్మంలోనే కూలబడి, తల్లి కాళ్ల మీద పడి రాగం తీసింది.

"అమ్మా! పొద్దున పదింటికి నాతో మాట్లాడావు గదమ్మా! పదింటికి మాట్లాడినదానివి ఇంతలోనే ఎటు పోయావమ్మా!"

వరండాలో నిలబడ్డ సొంతదారులు ఉలిక్కిపడ్డారు. అధ్యక్షుడు లోపలికి తొంగిచూశాడు.

"అమ్మాయ్, నిన్నటి మాటయ్యుంటుందమ్మా."

"ఇవాళేనండీ! కావాలంటే చూడండి, ఫోన్లో ఉంది, పదీ అయిదు!" అని ఫోన్ చాపింది.

సతీష్‌బాబు పామును చూసినట్టు వెనక్కి జరిగాడు. చూస్తే తెలిసిపోతుంది. తెలిస్తే ఇరవై తాళాలు కొనాలి. ఎవరూ ఆ ఫోన్ వైపు చూడలేదు.

"ఫోన్లలో టైము ఒక్కోసారి తప్పు చూపిస్తుందిలే తల్లీ" అంది తిరుపతమ్మ. తర్వాత నరేంద్ర దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది. "బాబూ, చెల్లెల్ని కాస్త ఊరుకోబెట్టవయ్యా. అందరికీ ఇబ్బంది."

నరేంద్ర ఆమె వైపూ, వరండాలో నిలబడ్డ మిగిలినవాళ్ల వైపూ చూశాడు. కాదనడానికి నోరున్న మనిషి అక్కడ ఒక్కరూ లేరని అతనికి అర్థమైంది. కాదంటే విన్నామని ఒప్పుకోవాలి. విన్నామంటే తట్టాబుట్టా సర్దుకోవాలి. అతను వెళ్లి చెల్లెలి పక్కన కింద కూర్చున్నాడు.

"పదీ అయిదుకి ఏమందే అమ్మ? గట్టిగా చెప్పు."

కృష్ణప్రియ ముక్కు తుడుచుకుంది.

"మీ అన్న రాత్రి నుంచీ నా పక్కనే కూచున్నాడే, వాణ్ణి లేచి ఇంత తినమను, నా మాట వినడు అంది అన్నయ్యా. చెబుతానమ్మా అన్నా. మర్చిపోకు అంది. ఇంతలో వదినేదో తెచ్చినట్టుంది, పెట్టేసింది."

సింధూర వంటింటి గుమ్మంలో చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పదీ అయిదుకే కదా" అన్నాడు నరేంద్ర.

"పదీ అయిదుకే."

వరండాలో ఎవరూ దగ్గలేదు కూడా. నరేంద్ర లేచి, పాడె పైకి తెమ్మని కిందికి కేకేశాడు. మెట్ల మీదుగా, నెమ్మదిగా, గోడకు తగలకుండా తెమ్మన్నాడు. సతీష్‌బాబు మూలనున్న పూలకుండీని తానే పక్కకు జరిపి, దారి ఇచ్చాడు.