అనసూయ సగం మడి

నేను ఒక మందు పంపును. వీపుకు తగిలించుకుని కొడతారే, నీలం డబ్బా, చేతిపిడి, పొడుగాటి గొట్టం, ఆ జాతిదాన్ని. ఫ్యాక్టరీలో నన్ను అచ్చుపోసినవాళ్ళు నా పొట్టలో ఏం పోస్తారో చెప్పలేదు. చెప్పినా ఏం చేసేదాన్ని? పోసింది కక్కడమే నా బతుకు. అయినా ఒక్క పొద్దుటి సంగతి తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

చేవెళ్ళ దగ్గర మాణయ్యది ఎకరం క్యాబేజీ. అందులో సగానికి యూరియా చల్లి, వారం వారం నాతో పురుగుమందు కొట్టేవాడు. మిగతా సగం భార్య అనసూయ పట్టుబట్టి తీసుకుంది. పశువుల ఎరువు వేసింది, వేపగింజల కషాయం కాచింది, పురుగు అటు మళ్ళుతుందని నడుమ ఆవాల సాళ్ళు పెట్టింది. ఆమెకు వేరే పంపు. నన్ను తన మడి ఛాయలకు రానిచ్చేది కాదు. ఏది మేలో తేలితే ఊళ్ళో పొదుపు సంఘం ఆడవాళ్ళంతా ఆ దారే పడదామనుకున్నారు.

మాణయ్య గడ్డలు నున్నగా, బిగుతుగా ఊరాయి. అనసూయవి కాస్త చిన్నవి, పై ఆకులకు చిల్లులు. ఆవాలనైతే పురుగు జల్లెడ చేసేసింది. కోతకు పన్నెండు రోజులుందనగా ఆమె ఆకులు తిప్పి తిప్పి చూసి గట్టు మీద దిగులుగా కూచుంది. మాణయ్యకు చూడబుద్ధి కాలేదు. మర్నాడు ఆమె పాలు పోసి రావడానికి వెళ్ళగానే, నన్ను వీపుకెత్తుకుని ఆ సగంలోకి దిగాడు. ప్రేమేనండీ, కాదనను. కానీ ప్రేమతో చేసే పాడుపనికి కూడా నాలాంటిదే కావాలి!

కోతనాడు చిల్లుల పై ఆకులు తీసేస్తే, ఆమె గడ్డలు మచ్చ లేకుండా ఉన్నాయి. ఆడవాళ్ళు మెచ్చుకుంటుంటే అనసూయ మురిసిపోయి, కషాయం ఎలా కాచాలో ఒక్కొక్కరికీ చెప్పింది. మాణయ్య తల దించుకున్నాడు. నాకు నోరుంటే అరిచేదాన్ని.

తర్వాతి పంటకు, సంఘంలోనే ఉన్న, అర ఎకరం కౌలుకు చేసే బాలమణి పురుగు తొలిచేసిన గడ్డ పట్టుకుని వచ్చింది.

"అక్కా, నువ్వు జెప్పినట్టే జేసిన. నా చేతులల్లనే ఏదో లోపమున్నట్టుంది" అంది. కళ్ళు తుడుచుకుంది.

మాణయ్య ఇక ఆగలేకపోయాడు. "నీ చేతులకేం గాలే బాలమణీ. పోయినసారి ఆమె మడిల గుడ నేనే మందు గొట్టిన" అంటూ నన్ను చూపించాడు. తర్వాత భార్య వైపు తిరిగి, "నల్గురిల నువ్వు చిన్నబోతవని..." అన్నాడు.

అనసూయ ఆ తొలిచేసిన గడ్డను చేతిలోకి తీసుకుంది.

"చిన్నబోతే చిన్నబోతుంటి" అంది. "నాది గెలుస్తుండెనో, ఓడుతుండెనో, ఇగ నాకెట్ల తెలుస్తది?"