మంచుగడప ముంపు

సోమవారం పొద్దున సువర్చల పొయ్యి మీద పాలు పెట్టి, పేపరు తెచ్చుకుని వచ్చేసరికి వంటింటి గుమ్మానికీ పొయ్యికీ మధ్య ఒక ఊరు మునిగి ఉంది.

నీళ్ళు గడప దగ్గర ఆగిపోయాయి. హాల్లోకి చుక్క రావడం లేదు. పెంకుటిళ్ళ కప్పులు, ఒక గంటస్తంభం, ఒక వేపచెట్టు చిటారు కొమ్మలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. ఎక్కడో అవతలి ఒడ్డున పాలు పొంగుతున్నాయి.

ఆమె ఊరిని గుర్తుపడుతుంది. అది మంచుగడప. దాన్ని ముంచింది ఆమే.

విశాఖపట్నంలో ఒక కంపెనీలో ఆమె ఆన్‌లైన్ ఆటకు కథ రాస్తుంది. ఆటలో కొండవర్గం, నదివర్గం అని రెండు పక్షాలు. జనం ఏదో ఒక పక్షం ఎంచుకుని ఏళ్ళ తరబడి ఆడుతుంటారు. పోయిన వారం విడుదలైన భాగంలో నదివర్గం రాణి తరళ ఆనకట్ట తలుపులెత్తించి, కొండవర్గం వాళ్ళ మంచుగడపను ముంచేసింది. అప్పటినుంచి రెండు వర్గాలూ సువర్చలను తిడుతూనే ఉన్నాయి. అయితే ఇంతవరకూ తిట్లు ఫోన్లోనే ఉండేవి.

ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగి, ఇళ్ళ కప్పుల మీదుగా నడిచి, పొయ్యి ఆపి వస్తుంది. ఒక పూట పడుతుంది. ఇలా అయితే టిఫిను ఎప్పుడు చేసేదని చిరాకు.

పై అంతస్తు పట్టాభిగారు తలుపు కొడతారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, నదివర్గంలో సేనాపతి. ఆయన వెనక మెట్ల నిండా నదివర్గం వాళ్ళు నిలబడి ఉన్నారు.

"కూర్చోనమ్మా. ఒక మాట అడిగి పోతాను" అంటారాయన. "మొన్నటిదాకా మేం మంచోళ్ళం. పదూళ్ళకి నీళ్ళిచ్చేవాళ్ళం. పొద్దున లేచేసరికి హంతకులం అయిపోయాం. మా మనవరాలు నా చేత్తో ముద్ద తినడం మానేసింది. మా రాణి చేత అలగ ఎందుకు చేయించారు?"

"కథకి అవసరమైందండీ."

"ఎవరి కథకి?"

అంతలో లిఫ్టులోంచి కొండవర్గం దిగుతుంది. "మునిగింది మేమైతే ఏడుపు ఆయనదా?" అంటుంది ముందున్న పెద్దావిడ. వాళ్ళందరూ పట్టడానికి హాలు తూర్పువైపు సాగుతుంది. అది చూసి నదివర్గం వాళ్ళు అభ్యంతరం చెబుతారు. హాలు పడమటివైపు కూడా అంతే సాగుతుంది. ఫ్యాను మధ్యలో ఉండిపోతుంది. గాలి ఎవరికీ తగలడం లేదు.

ఎవరో పాత ఇనుము తూచే కాటా ఒకటి తెస్తారు. ఒక పళ్ళెంలో కొండవర్గం వాళ్ళ దుఃఖం వేస్తారు. అది తడిసిన బొంతలా ఉంది. రెండోదాంట్లో నదివర్గం వాళ్ళ సిగ్గు వేస్తారు. అది మేకుల కుప్పలా ఉంది. ముల్లు సరిగ్గా మధ్యలో ఆగుతుంది. కాటాలో మోసం ఉందని రెండు వర్గాలూ అరుస్తాయి.

సువర్చల ఆఫీసుకు ఫోన్ చేస్తుంది. ఆమె పై అధికారి ప్రభంజన్ ఎప్పుడూ తొందరలోనే ఉంటాడు. "సింపుల్ మేడం. వాళ్ళదో ఊరు మునిగితే వీళ్ళదో ఊరు ముంచండి. సమానం."

ఆమె నిలబడే ఫోన్లో కొత్త భాగం టైపు చేస్తుంది. నదివర్గం వాళ్ళ నీలిరేవు ఆమె పడగ్గదిలో మునుగుతుంది. దిండ్లు పడవల పక్కన తేలుతున్నాయి.

"మాది వంటింట్లో ముంచి, వాళ్ళది సముద్రం కనపడే గదిలో ముంచారు" అంటుంది పెద్దావిడ.

"మాది మొక్కుబడిగా ముంచారు" అంటారు పట్టాభిగారు. "వాళ్ళ ఊరు మునిగేటప్పుడు గంట మోగింది. మాకేదీ గంట?"

"మీకు గంట కావాలా, ఊరు కావాలా?" అంటుంది సువర్చల.

"రెండూ కావాలి. లేదంటే వాళ్ళకీ ఉండకూడదు."

సువర్చల కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంది. వంటింట్లోంచి ఎవరో దగ్గుతారు. చూస్తే ఆమె చెల్లెలు కమలిని ఒక ఇంటి కప్పు మీద, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది.

కమలిని ఈ ఇంట్లోనే ఉంటుంది. విడాకులయ్యాక తలుపేసుకుని కొండవర్గం తరఫున ఆడడం మొదలుపెట్టింది. ఆమెతో మాట్లాడే మనుషులంతా మంచుగడపలోనే ఉండేవారు. పోయిన వారం నుంచి అక్కతో మాట్లాడలేదు.

"వాళ్ళ ఊరు కూడా ముంచాను. తెలుసా?" అంటుంది సువర్చల.

"సమానంగా ముంచమని నేనడిగానా? ముంచేముందు నాకొక్క మాట చెప్పాల్సింది. పక్కగదిలోనే ఉన్నాను కదా."

"బయట చెప్పకూడదు. ఆఫీసు రూలు."

"పోనీ. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నా ఇంటికి వచ్చావా? ఇదే నా ఇల్లు." కమలిని పెంకులు పక్కకు జరుపుతుంది. "రా."

ఇద్దరూ కప్పులోంచి లోపలికి దిగుతారు. నీళ్ళలో ఊపిరి బాగానే ఆడుతోంది. ఇంట్లో పీటలు వరసగా వేసి ఉన్నాయి. కమలిని ఒక్కో పీట చూపించి ఎవరిదో చెబుతుంది. ఇది అనంతపురం టీచరమ్మది. ఇది మస్కట్‌లో లారీ తోలే అతనిది. ఆ చివరిది నీకోసమే వేశాను, ఎప్పుడైనా వస్తావని.

ఆ చివరి పీట మీద రాణి తరళ కూర్చుని ఉంది. కిరీటం ఒళ్ళో పెట్టుకుంది. సువర్చలను చూసి లేచి నిలబడుతుంది.

"మీకోసమే ఇల్లిల్లూ తిరుగుతున్నానండీ. తలుపులెత్తించాను. ఎందుకని అందరూ అడుగుతున్నారు. నాకు తెలీడం లేదు. మీరు రాసి ఉంటే చెప్పండి."

"రాయలేదు."

"ఏం?"

"దసరాకి అమ్మకాలు పెరగాలన్నారు. పెద్దది ఏదైనా జరగాలన్నారు. మీ పేరు పెట్టాను."

"నా పేరే ఎందుకు?"

"పొట్టి పేరు. తెర మీద బాగా కనబడుతుంది."

రాణి తల ఊపుతుంది. జవాబు దొరికినందుకు కొంచెం తేలికపడినట్టు, ఆ జవాబుతో ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడిపోతుంది. కమలిని అక్క ముఖం వైపు చూడకుండా పీట జరిపి రాణిని మళ్ళీ కూర్చోబెడుతుంది. ఆ పని తను చెయ్యాల్సిందని సువర్చలకు అనిపిస్తుంది.

ఆమె పైకి వచ్చి, సాగిన హాలు మధ్యలో కాటా పక్కన నిలబడి అందరికీ చెబుతుంది. "కారణం లేదు. మీ ఊరు మునగడానికీ లేదు, మీ రాణి ముంచడానికీ లేదు. నేను ఆలోచించకుండా రాశాను."

రెండు వర్గాలూ మొదటిసారి ఒకేలా తల దించుకుంటాయి. పట్టాభిగారు కండువాతో కళ్ళు ఒత్తుకుంటారు. సువర్చల ఊపిరి పీల్చుకుంటుంది.

"ఈ మాట ముందు ఎవరికి చెప్పారు?" అని అడుగుతుంది కొండవర్గం పెద్దావిడ.

"రాణికి."

"చూశారా? మళ్ళీ నదివర్గానికే ముందు."

హాలు మళ్ళీ సాగడం మొదలవుతుంది. సువర్చల నేల మీద కూలబడుతుంది. ఆమెకు నవ్వు రావడం లేదు, ఏడుపూ రావడం లేదు.

"అక్కా, లే" అంటుంది కమలిని, గుమ్మంలో నిలబడి. "నది వస్తోంది."

వంటింట్లోని నది లేచి నిలబడుతుంది. ఒళ్ళు పిండుకుని, గడప దాటి, ఫిర్యాదు చెప్పుకునేవాళ్ళ వరుసలో అందరికంటే చివర నిలబడుతుంది. తల హాల్లో ఉన్నా తోక ఇంకా అరకు కొండల్లోనే ఉంది.

"ఏ వర్గం?" అని అడుగుతారు పట్టాభిగారు.

కమలిని కుర్చీ తెచ్చి వేస్తుంది. "దాని మాట ముందు విను" అంటూ అక్క పక్కనే నేల మీద కూర్చుంటుంది.

నది కుర్చీలో ఒదిగి కూర్చుని నోరు తెరుస్తుంది. లోపల మెట్లు ఉన్నాయి. ఆ మెట్ల మీంచి మంచుగడప జనం ఎక్కి వస్తున్నారు. వీళ్ళు ఆటలో వెనకాల ఊరికే కనబడేవాళ్ళు, వీళ్ళ పాత్రల్లో ఆడేవాళ్ళు ఎవరూ లేరు. నీళ్ళు మోసేవాళ్ళు, గంట కొట్టేవాడు, బాలింతలు, అందరూ తల తుడుచుకుంటూ వస్తున్నారు. వాళ్ళకు దారి ఇవ్వడానికి రెండు వర్గాలూ గోడలకు ఆనుకుంటాయి.

ముందుగా వచ్చిన ఆడమనిషి చంకలోని పిల్లను సువర్చల ఒళ్ళో పెడుతుంది. పిల్ల బరువుగా ఉంది, వెచ్చగా ఉంది. ముఖం ఉండాల్సిన చోట ఏమీ లేదు, తడి తప్ప.

"దీని ముఖం ఇంకా రాయలేదు కదండీ" అంటుంది తల్లి, నిష్ఠూరం లేకుండా.

సువర్చల కొంగు తీసుకుని నెమ్మదిగా ఆ తడి తుడుస్తుంది. కొంగు కింద ఒక కన్ను తెరుచుకుంటుంది. తర్వాత రెండోది. తడి ఇంకా పోదు. మెట్ల మీద జనం ఒకరి వెనక ఒకరు, ఖాళీ ముఖాలు ముందుకు వంచి, తమ వంతు కోసం నిలబడి ఉన్నారు.