తీరిక లేని కొడుకు

నాగవేణి తాడు కట్టిన అయస్కాంతాన్ని వాకిట్లో ఈ మూల నుంచి ఆ మూలకు లాగుతోంది. పక్కింటి పిల్లలు వట్టికాళ్లతో వచ్చి ఆడుకుంటారు. వెల్డింగులో రాలిన ఇనుప రజను గుచ్చుకుంటే చీము పడుతుంది. అందుకని రోజూ ముగ్గుకు ముందు ఈ పని. పనులున్నప్పుడు అయస్కాంతం గొంగళిపురుగులా గుబురుగా లేచి వచ్చేది. ఈ పొద్దు ఒక తుప్పు మేకు మాత్రం అంటుకుంది.

మొగుడు సుధాకర్ అరుగు మీద పుల్ల నములుతూ ఆ మేకునే చూస్తున్నాడు. ఆదోనిలో శేషప్ప షాపులో కూలికి వెల్డింగు చేసిన మనిషి. ఉగాది వెళ్లినాక ఎమ్మిగనూరులో ఇంటి ముందరే రేకులు దించి సొంతంగా మిషన్ పెట్టుకున్నాడు. మొదట్లో గేట్లు, ఒక కిటికీ గ్రిల్లు వచ్చాయి. ఇప్పుడు వచ్చేవాళ్లంతా "అన్నా, ఒగ సుక్క పెట్టు" అని బకెట్టు పిడి, మంచం కోడు తెచ్చేవాళ్లే. సుక్కకు కూలి అడిగితే మొహం ముడుచుకుంటారు. సోమవారం పనిలోకి రాకపోతే ఇంకొకణ్ని పెట్టుకుంటానని శేషప్ప కబురంపాడు. ఆదివారం పొద్దుటికి పని దొరక్కపోతే మిషన్ అమ్మేసి పోతానని సుధాకర్ తేల్చేశాడు. రేపు శనివారం, ఇనుము పని ఎవరూ ఒప్పజెప్పరు. మిగిలింది ఈ ఒక్క పొద్దే.

కూర్చున్నవాడు లేచాడు, రోడ్డు దాకా పోయాడు, వచ్చాడు, మళ్లీ కూర్చున్నాడు.

"ఏందప్పా, కాలు కాలిన పిల్లి మాదిరి!" అంది అతని తల్లి హనుమంతమ్మ. "పని లేనోని తట్టు దేవుడు గూడా సూడడు. ఆ తుక్కన్నా అతికించు. ఫ్యాన్లు నిదానమైతే నీకు పనుందని ఈదికంతా తెలుస్తాది."

అది నిజమే. సుధాకర్ రాడ్డు తాకించాడంటే చుట్టుపక్కల ఇళ్లలో ఫ్యాన్లు నీరసిస్తాయి, టీవీలు రెప్పలు కొడతాయి. అతను ఇష్టం లేకుండానే లేచి, నల్లద్దం మొహానికి అడ్డం పెట్టుకుని, విరిగిన ముక్కల్ని ఒకదానికొకటి అతికించసాగాడు.

"ఓ హనుమంతక్కా!" గోడ అవతల నుంచి వీరమ్మ కేకేసింది. "మీ వాడు రాడ్డు తాకిస్తే మా టీవీలో పెండ్లికొడుకు మాయమైతాండాడు. తాళి కట్టేదాకన్నా ఆపమను!"

"ఏం సేద్దామే, పనులు అట్లుండాయి!" అంది హనుమంతమ్మ వీధంతా వినబడేలా.

నాగవేణి లోపల జొన్నరొట్టె తడుతోంది. ఉత్తుత్తి పనికి కాలిపోతున్న రాడ్లను ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటోంది. అంతలో వాకిట్లో మోటార్ సైకిల్ ఆగింది. గొంతును బట్టి గిడ్డయ్య అని పోల్చుకుంది. వెనక వీధి మనిషి, తిరునాళ్లలో గాజులు, బొమ్మలు అమ్ముతాడు.

"అవ్వా, సుధాకరు ఉండాడా? ఉరుకుంద ఈరన్న తిరునాళ్లకు అంగడి కట్టుకునే ఇనుప సట్రాలు సేపించల్ల. నాకొగనికే కాదు, మా ఎంబడొచ్చేటోళ్లకందరికీ. మడిసి బస్సు మీద ఏసుకునేటట్లు ఉండల్ల."

నాగవేణి చేయి ఆగింది.

"ఉండాడు గానీ నాయనా, వానికి యాడ తీరిక?" అత్త గొంతు తేనెపాకంలా సాగింది. "ఒగ తట్టు మంత్రాలయం పని, ఒగ తట్టు ఆదోని పని. అన్నానికి గూడా లేసొస్తల్యా. సూస్తాండావు కదా."

పిల్లనడగడానికి వచ్చినవాళ్లతో కూడా మొదట 'మాకేం తొందర లేదప్పా' అనడమే ఆమెకు తెలిసిన మర్యాద. అడగ్గానే ఒప్పుకుంటే అలుసు. ఇంకోసారి అడిగించుకోవాలి.

"సూస్తినిలే," అన్నాడు గిడ్డయ్య. "నాకేమో శానా తొందర. ఇంటికి పోయి బువ్వ తిని, ఆదోని బస్సెక్కి ఆన్నే ఇచ్చొస్తా. పని శానా ఉంటే మంచిదే కదవ్వా!"

నాగవేణి పిండి చేతులతో గడప దాకా వచ్చింది. పెద్దామె చెప్పినదాని మీద మాట వేసి కేకేయడానికి నోరు రాలేదు. బండి మలుపు తిరిగిపోయింది.

మిషన్ మోతలో ఏమీ వినబడని సుధాకర్ అప్పుడు నల్లద్దం దించాడు. "ఎవురొచ్చిండేది?"

"గిడ్డయ్యన్న," అంది నాగవేణి. "తిరునాళ్ల అంగళ్లకు సట్రాలంట. ఆదోనిలో ఇస్తానని పాయ."

"నాతో మాట్లాడకుండా ఏమిటికి పాయ?"

"నీకు తీరిక లేదంట కదా."

అతను తల్లి వైపు ఒకసారి చూసి స్విచ్చి తీసేశాడు. గోడ అవతల టీవీ గొంతు విచ్చుకుంది. "బతికిస్తివప్పా!" అని వీరమ్మ నవ్వింది. సుధాకర్ మిషన్ వైరు చుట్టడం మొదలుపెట్టాడు. అమ్మబోయే వస్తువును చుట్టినట్టు, తుడిచి తుడిచి చుట్టాడు.

"గొప్పకు అంటినిరా," అంది హనుమంతమ్మ. "ఇంగొగసారి అడుగుతాడనుకుంటి. వస్తాడులే మళ్ల. రాకుండా యాడికి పోతాడు? వాళ్లమ్మ నాకు..." మాట దారి తప్పింది.

"బస్సెక్కక ముందే ఎవురన్నా పోయి పిలిస్తే బాగుండు," అంది నాగవేణి మెల్లగా.

"నేను పోను. పోయి ఏమని సెప్పల్ల? మాయమ్మ అబద్ధమాడిందనా?"

మొగుడు పోయిన కొత్తలో కూడా హనుమంతమ్మ ఈ వీధిలో ఎవరికీ 'మాకు లేదు' అని చెప్పి ఎరగదు. కొడుకు రెండో వైరు అందుకునేదాకా కూర్చుంది. తర్వాత మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది. పెనం మీద రొట్టె మాడు వాసన వస్తున్నా కోడల్ని ఏమీ అనలేదు. గోడ మీదికి వంగి వీరమ్మ "యాడికక్కా, ఇంతెండలో?" అన్నా తల తిప్పలేదు. వెనక వీధి వైపు నడిచిపోయింది.