మూతి విరిగిన సీసా

వీరమ్మ సీసాలో గుప్పెడు సన్న ఇసుక, కాస్త చింతపండు పులుసు, ఇన్ని నీళ్లు పోసి, మూతికి బొటనవేలు అడ్డం పెట్టి గలగలా ఊపుతోంది. ఎడమ అరచేతికి కట్టిన పాతగుడ్డ తడిసి బరువెక్కింది. జిడ్డు వదిలిందో లేదో సీసాను ఎండకెత్తి చూసి, ఆసుపత్రి కంచె కంపకు బోర్లా తగిలించింది. కంప చివర మూతి విరిగిన సీసా ఒకటి వేలాడుతోంది. కాగితం అంటించి బిరడా అదిమేటప్పుడు ఫటుక్కున విరిగి అరచేతిని కోసింది అదే. కిరసనాయిలు బుడ్డికైనా పనికొస్తుందని దాన్నీ పారేయలేదు ఆమె.

రాళ్లచెలిమ సర్కారు ఆసుపత్రిలో మందు ఊరికే ఇస్తారు. సీసా మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఎర్రటి నీళ్ల మందును దోసిట్లో పోయరు కదా! కూలికి పోయే జనానికి సీసాలు ఎక్కడివి? అందుకే వీరమ్మ వారం వారం ఆళ్లగడ్డకు పోయి గోనెసంచిలో ఖాళీ సీసాలు ఏరుకొస్తుంది. కడిగి, జొన్నదంటు బెండుతో బిరడాలు చెక్కి, ఆసుపత్రి గడప పక్కన కూర్చుంటుంది. కాగితం ముక్కను మడిచి, అంచున గాట్లు కత్తిరించి, అన్నం మెతుకులతో సీసాకు అంటిస్తుంది. ఒక గాటంటే ఒక పూట మందు. చదువు రాని వాళ్లకు ఆ గాట్లే డాక్టరు చీటీ.

ఇచ్చేవాళ్లు ఏదో ఇస్తారు. ఇవ్వలేని వాళ్లు సీసా తిరిగి తెచ్చిస్తే చాలు. అదీ తేకపోతే నోటికొచ్చినట్టు తిట్టి, తర్వాతిసారి మళ్లీ ఇస్తుంది.

"జరం ఏమన్నా జేబు చూసి వస్తాందా, నేను జేబు చూసి సీసా ఇయ్యనీకి?" అంటుంది.

ఆ రోజు పొద్దున ఆమెకు రొట్టె నమలడం చేతకాలేదు. దవడలు బిగుసుకున్నాయి. పిప్పిపన్ను పోటే అనుకుని, ఎట్లాగో ఒక లవంగం పళ్ల సందున ఇరికించుకుంది. జ్వరంతో ఉన్న బిడ్డను భుజాన వేసుకుని తిరుపాలమ్మ వస్తే, సీసా తుడిచి ఇచ్చింది. పలకరిద్దామంటే మాట సరిగా పెగల్లేదు.

లోపల కిటికీ దగ్గర మందు పోసే కాంపౌండరు దేవదానం ఆమెను పిలిచాడు. వీరమ్మ మెడ తిప్పలేదు. మనిషే మొత్తంగా పక్కకు తిరిగింది.

"ఏందక్కా, అట్ల తిరుగుతాండావ్?"

"దవడ పన్నప్పా. నోరు తెరుచుకోడంల్యా."

దేవదానం చేతిలోని గరాటు ఆగిపోయింది. అతని చూపు ఆమె అరచేతి గుడ్డ మీద పడింది.

"చేతికి సూది ఏయించుకున్న్యావా?"

"ఆ పొద్దు నువ్వే ల్యా అంటివి కదప్పా."

అన్నాడు. సూది లేదని, ఆళ్లగడ్డలో కొనుక్కొస్తే తాను వేస్తానని దేవదానమే చెప్పాడు. ఆమె మందుల షాపు దాకా పోయింది కూడా. ధర విని, గుడ్డ ఇంకాస్త బిగించి కట్టుకుని వెనక్కి వచ్చింది. లేదన్న మాట అబద్ధం కాదు. అంతకు ముందే జిల్లా నుంచి పెట్టె నిండా ధనుర్వాతం సూదులు వచ్చాయి. వచ్చిన సాయంత్రమే పెట్టెకు పెట్టె డాక్టరు జీపెక్కింది. నంద్యాలలో ఆయన ఇంటి ముందు గదిలో ప్రాక్టీసు ఉంది. జనం పన్నులతో కొన్న మందు, జనం జీపులోనే పోయి, డబ్బున్న వాళ్ల జబ్బల్లోకి ఎక్కింది. పక్కింటి చెట్టున కాయ కోస్తే దొంగ అంటారు. దీనికి మాత్రం ఆ పేరు లేదు. ఆ పెట్టెను జీపులో పెట్టింది దేవదానమే.

అతను కిటికీ మూసి, చాగలమర్రి నుంచి వచ్చే బస్సును చెయ్యెత్తి ఆపి, ఆమెను ఎక్కించాడు. ఆళ్లగడ్డ దాటాక బస్సు గతుకులో పడినప్పుడల్లా ఆమె నడుము విల్లులా వంగి లేచింది. పక్క సీటులోని వాళ్లు భయపడి లేచి నిలబడ్డారు.

"కడిగిన సీసాలు కంపకే ఉండాయి," అంది పళ్ల సందుల్లోంచి. "ఎవురడిగినా ఇయ్యి."

"నువ్వే వచ్చి ఇద్దువులే అక్కా."

నంద్యాల పెద్దాసుపత్రిలో చీకటి గదిలో పడుకోబెట్టారు. సూదీ వేశారు, చేయవలసిందంతా చేశారు. సూది పడాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది. మూడోనాడు తెల్లవారేసరికి వీరమ్మ పోయింది. చప్పుడు లేదు. దవడ బిగిసిన మనిషి అరవను కూడా అరవలేదు.

ఆ తర్వాతి సోమవారం రాళ్లచెలిమలో వరస నిలబడింది. కంపకున్న సీసాలు ఎవరికి వాళ్లే తీసుకున్నారు. డాక్టరు జీపు దిగి, కుర్చీలో కూర్చుని, సంగతి విన్నాడు.

"కోసుకున్నప్పుడే సూది వేయించుకోవాల్సింది. ఈ జనానికి ఎంత చెప్పినా నిర్లక్ష్యం," అన్నాడు.

దేవదానం గరాటు కింద పెట్టాడు. ఇన్నేళ్లు సార్ అంటే సార్ అని తల ఊపిన మనిషి, బయటికి నడిచి, కంప చివరి సీసాను తెచ్చి డాక్టరు బల్ల మీద పెట్టాడు.

"కోసింది ఇది సార్. సూది మీ ఇంట్లో ఉండె. పెట్టెను జీపులో పెట్టినోణ్ణి నేనే. ఉద్యోగం తీసేస్తే తీసేయండి, ఎవురడిగినా ఇదే చెప్తా."

వరసలో ముందున్న ముసలి బయ్యన్న తన సీసాను పైకెత్తి పట్టుకున్నాడు.

"మాకందరికీ సీసా ఆయమ్మ ఇచ్చింది. ఇయ్యలేనోనికీ ఇచ్చింది. ఆయమ్మకు సూది ఎవురియ్యాల సార్?"

డాక్టరు ముఖం ఎర్రబడింది. "ముందు అది తీసెయ్ ఇక్కణ్ణుంచి," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. బల్ల మీద సీసా, విరిగిన మూతికి ఎండిన నెత్తురు, ఒంటికి అంటించిన కాగితం మీద ఒక్క పూటా వాడని గాట్లు.