ముప్ఫై అడుగుల లోతున ఎర్ర గాజులు

"ఇది మెరూనా? ఇటుకపొడి రంగు," అన్నారు మా అత్తయ్య, జాకెట్టు గుడ్డను వాకిట్లో ఎండకు పట్టి.

"కొట్లో మెరూనే అత్తయ్యా. మీ చీర పక్కన పెట్టి మరీ చూశాను."

"ట్యూబులైటు కింద చూశావు. వీధిలోకి తెచ్చి చూశావా?"

"అప్పుడు వాన పడుతోంది."

"వాన పడితే కొనకుండా రావాలి. బియస్సీ చదివావు, ఆ మాత్రం తెలియదూ?"

మా అత్తయ్య త్రిపురసుందరి కాకినాడ మనిషి. ఏ కొట్టుకు వెళ్ళినా చీర భుజాన వేసుకుని, మెట్లు దిగి, వీధిలో నిలబడి చూస్తేగాని బేరం మొదలుపెట్టరు. లాలాపేటలో మొదటిసారి అలా చేసినప్పుడు, చీరతో వెళ్ళిపోతారేమోనని కొట్టతను కూడా వెంట వచ్చాడు. రంగు విషయంలో ఆవిడ మాట తప్పు కాదు. అందుకే నాకు మరీ ఉక్రోషంగా ఉంది.

అది సోమవారం. ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర జరిగింది ఇద్దరికీ ఇంకా మింగుడుపడలేదు.

మావారు జనార్ధనరావు ఉప్పల్ రోడ్డులో ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తారు. మార్చిలో వాళ్ళు అండమాన్‌లో పగడపు దిబ్బలు చూడటానికి వెళ్ళినప్పుడు, నీళ్ళలో ఫోటోలు తీసే కెమెరా లేక, బొమ్మలు వేయడానికి నన్ను తీసుకెళ్ళారు. జనవరిలో మళ్ళీ క్యాంపు. ఈసారి రోజూ లోతుకు దిగి గీయాలి. నేను వచ్చేదీ రానిదీ శనివారంలోగా చెప్పమని ఆఫీసులో అడిగారు. ఆ సంగతి చెబుతూ ఆయన నవ్వుతూ అనేశారు: "అమ్మా, నువ్వు తొడిగిన ఎర్ర గాజులు నీళ్ళలో నల్లబడ్డాయని తార ఎంత హడలిపోయిందో!"

అత్తయ్య చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు. "పుణ్యస్త్రీ చేతి గాజులు నల్లబడ్డాయా? ఇక వెళ్ళక్కర్లేదు."

"అది నీళ్ళ గుణమమ్మా."

"నువ్వు ఊరుకో."

నాకు మాత్రం వెళ్ళాలనే ఉంది. కాలేజీలో నేను చూసిన చేపలన్నీ సీసాల్లో, ఫార్మలిన్‌లో, ఒకటే పాలిపోయిన రంగులో ఉండేవి. మూడేళ్ళు వాటినే గీశాను. అండమాన్ వెళ్ళొచ్చాక మళ్ళీ ఆ బొమ్మలు చూస్తే, మనుషుల ముఖాలు చూడకుండానే వాళ్ళ గురించి రాసినట్టు అనిపించింది.

మొదటి క్యాంపుకు ముందు నాకు ఈత కూడా రాదు. మా నాచారం ఇంటి వెనక పాండురంగంగారి ద్రాక్షతోటలో మెట్లబావి ఉంది. మావారి పాత పైజమా, పొడుగు చొక్కా వేసుకుని, వీపుకు ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని రెండు నెలలు అందులో నేర్చుకున్నాను. ఆఫీసువాళ్ళిచ్చిన ఈత కళ్ళద్దాలూ, ఊపిరి గొట్టమూ పెట్టుకున్న రోజు పాండురంగంగారు మెట్టు మీద కూర్చుని పడీ పడీ నవ్వారు.

"గా గొట్టమేందమ్మా, చిలుం తాగినట్టు!"

నేను దగ్గుతూ పైకి లేచాను. "నీళ్ళు మింగేస్తున్నాయి పాండురంగంగారూ."

"నీళ్ళు నిన్నేం మింగుతలేవు. నువ్వే నీళ్ళు మింగుతున్నవ్. ఫికర్ జెయ్యకు, జర నిమ్మళంగ ఊపిరి తియ్."

ఆ మాట సముద్రంలో పనికొచ్చింది. అండమాన్‌లో మొదటి రోజు ముఖం నీళ్ళలో పెట్టగానే ఒళ్ళంతా ఎదురు తిరిగింది. ఊపిరి తీస్తున్నాను, గాలి వస్తోంది, అయినా నమ్మకం లేదు. ఒక అల గొట్టంలోకి దూరి నోరంతా ఉప్పగా చేసింది. గట్టిగా ఊది ఆ నీళ్ళు చిమ్మేశాను. నిమ్మళంగా, నిమ్మళంగా అనుకుంటూ నడుములోతు నీళ్ళ మీద బోర్లా తేలాను. కాసేపటికి నా ఊపిరి చప్పుడు నాకే వినబడింది. అప్పుడు కళ్ళు పని చేయడం మొదలుపెట్టాయి.

నా కింద పగడాలు. కొన్ని మెదడు ముడతల్లా, కొన్ని జింక కొమ్ముల్లా. ఒక ఆకుపచ్చ చేప చిలుక ముక్కుతో రాయిని కొరుకుతుంటే పటపటమని చప్పుడు వినిపించింది. పసుపురంగు చిన్న చేపలు నా అరచేతి దాకా వచ్చి, ఒక్కసారిగా తిరిగి పోయాయి. ఒడ్డుకు వచ్చేసరికి వీపు ఎండకు కమిలిపోయింది. నాకు తెలియనే లేదు.

పదో రోజున చిదంబరంగారు నా వీపుకు గాలి సిలిండరు కట్టారు. నేవీలో డైవరుగా చేసి రిటైరయిన విశాఖ మనిషి ఆయన.

"ఊపిరి మాత్రం బిగబట్టకు చెల్లెమ్మా. పైకి వచ్చేటప్పుడు అసలే బిగబట్టకూడదు. చెవులు నొప్పెడితే ముక్కు మూసుకుని మెల్లగా ఊదు."

తాడు పట్టుకుని దిగాం. చెవులు టప్పుమన్నాయి. ముప్ఫై అడుగుల దగ్గర ఇసుక మీద మోకాళ్ళు ఆనించి, పలక మీద గీయబోతూ చేతులు చూసుకున్నాను. గాజులు నల్లగా ఉన్నాయి. ప్రయాణం ముందు అత్తయ్య తొడిగిన డజను ఎర్ర గాజులు! మావారికేమైనా అయిందా అన్న ఆలోచన ఎక్కడినుంచో వచ్చి పడింది. బుడగలు గుప్పుమన్నాయి. చిదంబరంగారు నా మణికట్టు పట్టుకుని, నడుముకున్న నీళ్ళ టార్చి వెలిగించి గాజుల మీద వేశారు. కుంకుమలా ఎర్రగా మెరిశాయి. ఆర్పారు. నలుపు. వెలిగించారు. ఎరుపు.

పైకి వస్తుంటే వాటంతటవే మెల్లగా ఎర్రబడ్డాయి. పడవలో మావారు టోపీ పెట్టుకుని వేరుశనక్కాయలు తింటున్నారు. "సముద్రం అన్నిటికంటే ముందు ఎరుపునే మింగుతుంది చెల్లెమ్మా. గాజులకేం కాలేదు," అన్నారు చిదంబరంగారు.

ఇదంతా ఆ సోమవారం నుంచి మూడుసార్లు అత్తయ్యకు చెప్పాను. ఆవిడ చింతపండు గింజలు తీస్తూ విన్నారు.

శుక్రవారం గుడ్డ మార్చుకురావడానికి నన్ను వెంటబెట్టుకుని లాలాపేట వెళ్ళారు.

"ఇదేం రంగు బాబూ?" అన్నారు కొట్టతనితో.

"మెరూనేనమ్మా. మీ చీర గిట్ల పెట్టి సూడుండ్రి."

ట్యూబులైటు కింద చీరా గుడ్డా ఒకటే రంగు. అత్తయ్య రెండూ తీసుకుని వీధిలోకి నడిచారు. ఎండలో గుడ్డ ఇటుకపొడి. లోపలికి వచ్చారు. మెరూన్. మళ్ళీ వీధిలోకి, మళ్ళీ లోపలికి.

"ఎన్నిసార్లు తిరుగుతవమ్మా? గుడ్డ మారుతదా?" అన్నాడతను.

"గుడ్డ మారదు," అన్నారు అత్తయ్య. వేరే గుడ్డ ఎండలో చూసి తీసుకున్నారు. ఇంటికి వస్తూ దారిలో రెండుసార్లు నా చేతి గాజుల వైపు చూశారు.

శనివారం పొద్దున ఆఫీసుకు వెళ్ళేముందు ఇంట్లో భోజనాల వేళ, మావారికి పప్పు వడ్డిస్తున్నాను.

"వాళ్ళకి ఏం చెప్పమంటావు తారా?" అన్నారాయన నెమ్మదిగా.

నేను నోరు తెరిచేలోపు అత్తయ్య అందుకున్నారు. "వస్తుందని చెప్పు. నేనూ వస్తున్నానని చెప్పు."

"నువ్వెందుకమ్మా? ఓడలో నాలుగు రోజులు!"

"సముద్రం పక్కన పుట్టాను, నాకు నేర్పకు. ఇది నీళ్ళలోంచి పైకి రాగానే, ఆ గాజులు ఎండలో పెట్టి చూడటానికి ఎవరో ఒకరు ఉండాలి కదా," అని, నా వైపు కంచం జరిపి, "నెయ్యి వెయ్యి," అన్నారు.