అరక్షణం ఆలస్యం

నలుగురికీ పులిహోర కట్టి, నీళ్ళ సీసాలు సంచుల్లో సర్దేసరికి కోటబొమ్మాళిలో పాసింజరు వచ్చే వేళయింది. "ఒసే భారతీ, బండి మనకోసం ఆగుతాదేటి?" అంటూ యుగంధర్ గిటారు భుజాన వేసుకుని ముందు నడిచాడు. తిండి సంచులు రెండూ భార్యకే మిగిలాయి.

విశాఖలో స్టూడియో. మూడేళ్ళుగా ధాన్యం కొట్టులో సాధన చేస్తున్న 'ఎర్రమన్ను' బృందం మొదటి ఆల్బమ్ ఆ రోజుతో పూర్తవ్వాలి. యుగంధర్ గిటారు, మరిది శివాజీ కీబోర్డు, స్నేహితుడు ధనరాజ్ డ్రమ్ములు. అమెరికా నల్లవాళ్ళ పాటల్లోంచి వచ్చిన ఆ తరహాని రిథమ్ అండ్ బ్లూస్ అంటారు. మూడేళ్ళూ వాళ్ళకి టీలు అందించింది, చెమట చొక్కాలు ఉతికింది, పిలిచినప్పుడు చెయ్యి తుడుచుకుని వచ్చి పాడింది భారతి. అత్త కూర్మమ్మ కొడుకుల పాట గురించి ఊరంతా చెప్పుకునేది. కోడలి మాటెత్తితే, "దానిదేటి పాట, పనిలో కూనిరాగం" అనేది.

భారతి పాడితే తాళానికి అరక్షణం వెనక పడేది. "తాళం సూసుకో వదినా, ఆలీసంగా వస్తన్నావు" అని మరిది విసుక్కునేవాడు. ఎందుకు వెనక పడుతుందో ఆమెకి తెలుసు. వరి ఉభాల్లో ఆడవాళ్ళు పాడుకుంటూ, వెనక్కి నడుస్తూ నాట్లు వేస్తారు. నారు గుచ్చాక కాలు తీయాలి. బురద కాలిని వెంటనే వదలదు. వదిలేదాకా పాటలో తరవాతి మాటని గొంతులో పట్టి ఉంచాలి. పదేళ్ళ వయసులో అమ్మ పక్కన వంగి నేర్చుకున్న లెక్క అది. గట్టు మీద నిలబడి విన్నవాళ్ళకి అది తప్పులాగే ఉంటుంది. ఆల్బమ్‌లో అయిదో పాట పల్లవి ఆమె నిరుడు శ్రావణంలో మడిలో కట్టిందే. "మడిలో పాటకి పేరేటే, అందరిదీ" అని తీసుకున్నాడు యుగంధర్.

రికార్డింగు చూసే అమ్మాయి అనిత ఆ పల్లవి మూడుసార్లు విని డ్రమ్ములు ఆపించింది. "అక్కా, మీరు మారకండి. వాళ్ళే మీకు సర్దుకోవాలి. ఈ పాటకి ప్రాణం ఆ ఆలస్యమే."

ధనరాజ్ తల గోక్కున్నాడు. "మూడేళ్ళు వదిన్ని ఊరికే తిట్టాం గదరా." అందరూ నవ్వారు. పాట కుదిరింది.

సాయంత్రం ఆల్బమ్ అట్ట మీద వేసే పేర్లని అనిత తెర మీద చూపించింది. మగవాళ్ళు ముగ్గురూ ఇంటిపేర్లతో సహా ఉన్నారు. అట్టడుగున, 'వంతపాట: కుటుంబ సభ్యులు' అని ఉంది.

"నా పేరేది బావా?"

"నువ్వు మా కుటుంబం కావేటి? అమ్మ కూడా ఒక పాటలో సప్పట్లు కొట్టింది. అందర్నీ ఎక్కిస్తే అట్ట సాలదే" అన్నాడు యుగంధర్, ఎంతో ప్రేమగా.

ఆ ప్రేమే ఆమెకి గుచ్చుకుంది. కసిరి ఉంటే ఏడ్చి ఊరుకునేది. పదకొండేళ్ళుగా ఇలాగే. కళ్ళాపి కుటుంబం కోసం, నాట్లు కుటుంబం కోసం, చేతిగాజులు తాకట్టుకి వెళ్ళిందీ కుటుంబం కోసమే. ఇంతా చేస్తే ఆ మాటలో ఆమె ఎక్కడుందో ఎవరూ వెతకరు. ఇప్పుడు గొంతు కూడా అందులోకే పోతోంది.

ఆమె కుర్చీ లాక్కుని అనిత పక్కన కూచుంది.

"అమ్మా, ఇందులో ఎవరి గొంతు వాళ్ళది వేరేగా ఉంటాదా?"

"ఉంటుందక్కా. ఏది వద్దంటే అది తీసెయ్యొచ్చు."

"అయితే అయిదో పాటలోంచి కుటుంబ సభ్యుల్ని తీసెయ్యమ్మా. మిగిలింది మా బావ ఒకసారి ఇంటాడు."